తాళంచెవి ఎక్కడుందో తెలిసినవాళ్లు చేతులెత్తండి

రేనో మా ఇంట్లో చివరిగా చేసిన పని, తడిసిన చేతితొడుగులను పొయ్యి వెనక తీగ మీద ఆరేయడం. ఉదయం తొమ్మిదిన్నర అయింది. మా వాకిట్లో మంచు తోసేసి బూట్లతోనే వంటింటి దాకా వచ్చాడు. నేల మీద తడి చూశాను గాని ఏమీ అనలేదు. ఆ చలికాలమంతా నేను అతన్ని ఏమైనా అనడం మానేశాను.

పొడి జత తొడుక్కుంటూ, "ఎల్మా వాకిలి కూడా తోసొస్తా" అన్నాడు.

"కాఫీ తాగి వెళ్లు."

"వచ్చాక."

పదకొండింటికి ఎల్మా ఫోను చేసింది. ఎల్మా మాకు రెండిళ్ల అవతల ఒంటరిగా ఉంటుంది, ఎనభై దాటింది. మంచు గుట్ట మీద రేనో కూర్చుని ఉన్నాడట. మంచు తోసే పెద్ద చేట పిడి ఒళ్లో ఉందట. అలసట తీర్చుకుంటున్నాడేమో అని కిటికీలోంచి కాసేపు చూసిందట. తర్వాత చెయ్యూపిందట.

అంబులెన్సులో వచ్చిన కుర్రాడు "గుండె ఆగిపోయిందమ్మా" అన్నాడు. ఆ మాట విన్న క్షణాన నాకు ఊరట కలిగింది. ఏడుపు తర్వాత వచ్చింది. భర్త పోయాడని చెబితే ఊరట పడిన ఆడదాన్ని గురించి ఎవరేమనుకున్నా సరే. అది ఎందుకో చెప్పాలంటే రేనో గురించి చెప్పాలి.

రేనో కంగాస్ ముప్పైఒక్క ఏళ్లు మా జిల్లా రోడ్ల శాఖలో మంచు తీసే ట్రక్కు నడిపాడు. ఉత్తర మిషిగన్‌లో అది బరువైన ఉద్యోగం. సరస్సు మీంచి గాలి తిరిగి మంచు మొదలైందంటే అర్ధరాత్రీ అపరాత్రీ లేదు. ఆ ఇంజను రొద చెవుల్లో పడీ పడీ అతనికి వినికిడి తగ్గింది. మాటలు ముందు నుంచే తక్కువ. పెళ్లయిన కొత్తలో మా అమ్మ, "ఈ అబ్బాయి మాట్లాడతాడా, లేక నువ్వే ఇద్దరి మాటలూ మాట్లాడుకుంటావా?" అని అడిగింది. నేను గ్రామ గ్రంథాలయంలో పనిచేస్తూ వారపత్రికకు రాసేదాన్ని. ఇద్దరి మాటలూ నావే అని ఒప్పుకున్నాను.

అతను నోరు విప్పి ధారాళంగా మాట్లాడేది ఏడాదికి రెండు శనివారాలు. సెప్టెంబరులో, టౌన్‌షిప్ హాల్లో, పిల్లలకు వేట పాఠం చెప్పేటప్పుడు. పాఠం పూర్తయితే నారింజ రంగు కార్డు ఇస్తారు. అది లేకుండా వేటకు లైసెన్సు రాదు. నవంబరు పదిహేనున జింకల వేట మొదలవుతుందంటే ఆ రోజు బడులకు కూడా సెలవిచ్చే ఊరు మాది. అందుకని ఊళ్లోని పిల్లలంతా ఎప్పుడో ఒకప్పుడు రేనో చేతి కింద నుంచి వెళ్లాల్సిందే. అంతకు ముందు చెప్పే ముసలాయనకు చూపు మందగించి, ఈ పని రేనో నెత్తిన పడింది. ఒక్క ఏడాది అని ఒప్పుకుని పంతొమ్మిదేళ్లు చేశాడు.

నీలం రంగు ప్లాస్టిక్ తుపాకులు ఆరు ఉండేవి. రెండు కుర్చీల మీద నిచ్చెన అడ్డంగా పెట్టి అదే కంచె అనేవాడు. తుపాకీ ముందు అవతలి వాడికి అందించాలి, ఆ తర్వాతే కంచె దాటాలి. ప్లాస్టిక్ తుపాకీ అయినా సరే గొట్టం ఎవరివైపైనా తిరిగిందా, ఆ పిల్లవాడు వచ్చే ఏడాది మళ్లీ రావాల్సిందే. "ఇందులో తూటా లేదు కదా, మిస్టర్ కంగాస్" అని ఎవరైనా గొణిగితే, "తుపాకీలో తూటా లేని రోజంటూ లేదు" అనేవాడు.

ఆఖరి గంటకు తల్లిదండ్రులు వచ్చి తీరాలి. రాకపోతే కార్డు లేదు. ఈ నియమం అతను సొంతంగా పెట్టుకున్నది. వచ్చిన పెద్దవాళ్లను పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టేవాడు.

"వీటిలో మేం పట్టం, రేనో."

"పడతారు. ఒక గంట సర్దుకోండి."

అప్పుడు పిల్లలను వరుసగా తల్లిదండ్రులకు ఎదురుగా నిలబెట్టేవాడు. "కళ్లు మూయండి. గట్టిగా. లోరెట్టా, వేళ్ల సందుల్లోంచి చూడకు. ఇప్పుడు, మీ ఇంట్లో తుపాకుల బీరువా తాళంచెవి ఎక్కడుందో తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఎవరూ తిట్టరు, నాది పూచీ."

చేతులు లేచేవి. ఒకటి, మూడు, తర్వాత దాదాపు అన్నీ. పెద్దవాళ్లలో నవ్వులు ఆగిపోయేవి.

"అయ్యో, పిండి డబ్బాలో పెట్టానే" అంది ఒకసారి ఒక తల్లి.

"మీ పిల్లకు రొట్టెలు చేసిపెట్టేది ఆ పిండితోనేగా" అన్నాడు రేనో.

తర్వాత ఒక్కొక్కరికీ ఒక కాయితం. 'మా ఇంట్లో తుపాకీ తాళంచెవి ఉండే చోటు మా పిల్లలకు తెలియదు.' ఆ వాక్యం రేనో రాసిందే. ఇంటికి వెళ్లి తాళంచెవి చోటు మార్చి, వారంలోగా దాని కింద సంతకం పెట్టి పంపాలి. ఆ కాయితాలన్నీ ఏడాది వారీగా మా ఇంట్లో అట్టపెట్టెలో ఉండేవి.

కిందటి ఏడాది సెప్టెంబరులో పదకొండుమంది పిల్లలు. నేను వెనక బల్ల దగ్గర యాలకుల రొట్టె కోస్తున్నాను. పది చేతులు లేచాయి. లేవనిది జోరీ పెర్టు చెయ్యి. పదకొండేళ్ల పిల్ల, కళ్లు ఎంత గట్టిగా మూసిందంటే ముక్కు ముడతలు పడింది.

రేనో ముఖం విప్పారింది. జోరీ తండ్రి లైల్ అతనికి సొంత మనిషి లాంటివాడు. రేనో దిగిపోయాక ఆ ట్రక్కు ఎక్కింది, ఆ రోడ్లు నేర్చుకుంది లైలే.

"చూశారా? పదిళ్లలో తాళంచెవి పిల్లల చేతిలో ఉన్నట్టే. లైల్, లేచి నిలబడు. ఈ మనిషిని చూసి నేర్చుకోండి."

లైల్ సగం లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తాళంచెవి ఎక్కడుందో లైల్‌కే తెలియదేమో" అన్నారెవరో. హాలంతా నవ్వింది. లైల్ కూడా నవ్వాడు. అక్కడికక్కడే సంతకం పెట్టి వెళ్లాడు.

నవంబరు పద్నాలుగు మధ్యాహ్నం లైల్ అడవి గుడిసెకు సామాను ట్రక్కులో ఎక్కిస్తున్నాడు. దుప్పట్లు, సాసేజీలు, లాంతరు. అతని చిన్న కూతురు ఐవీకి ఆరేళ్లు. నాన్నకు సాయం చేద్దామని ఇంట్లోంచి ఒక్కొక్కటీ మోసుకొస్తోంది. వెనక వరండాలో తలుపు చాటున, చీపుళ్ల పక్కన రైఫిల్ నిలబెట్టి ఉంది. అది ట్రక్కు దాకా రాలేదు. ఐవీ కూడా రాలేదు. ఇంతకంటే నేను రాయలేను.

మర్నాడు వేట మొదటి రోజు. మగవాళ్లంతా అడవిలో ఉన్నారు. దూరంగా తుపాకులు మోగుతున్నాయి. మోగినప్పుడల్లా రేనో బల్ల మీంచి చెయ్యి తీసి మళ్లీ పెడుతున్నాడు. షెరిఫ్ ఆఫీసు నుంచి వచ్చిన డిప్యూటీ టోపీ తీసి నిలబడ్డాడు. అతనూ రేనో దగ్గర నేర్చుకున్నవాడే.

"లైల్ సంతకం పెట్టిన కాయితం కావాలి, రేనో. కొత్త చట్టం సంగతి తెలుసుగా. పిల్లలున్న ఇంట్లో తుపాకీ తాళం లేకుండా ఉంచితే కేసు."

"లైల్ ఇంట్లో తాళం ఉంది" అన్నాడు రేనో. "ఆ పిల్ల చెయ్యెత్తలేదు."

డిప్యూటీ నా వైపు చూశాడు. "జోరీని అడిగాం. మిస్టర్ కంగాస్ తాళంచెవి గురించి అడిగారు, మాకు తాళంచెవి లేదు, అందుకే ఎత్తలేదు, అంది. వాళ్లకు బీరువా లేదు, రేనో. తుపాకీ ఎప్పుడూ తలుపు వెనకే."

అతను అది తీసుకుని వెళ్లాక రేనో ఇంకో కాయితం మీద ఆ వాక్యం చాలాసేపు చదివాడు, తన చేతిరాతే.

"తాళంచెవి ఎక్కడుందని అడిగాను" అన్నాడు. "తాళం ఉందా అని అడగలేదు. పంతొమ్మిదేళ్లు, సిల్వీ. ఒక్కసారి అడగలేదు."

ఆ తర్వాత మా ఇల్లు మూసుకుపోయింది. మంచు కిటికీల సగం దాకా వచ్చింది. రేనో వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాడు. అక్కడి నుంచి నడవాలో ఉన్న మా ఇనుప బీరువా కనిపిస్తుంది. అందులో రెండు రైఫిళ్లు, ఒక షాట్‌గన్, వాళ్ల నాన్న చిన్న పిస్తోలు. తాళంచెవి ఎప్పుడూ అతని ప్యాంటు జేబులోనే. అంతకు ముందు నలభై ఏళ్లు అతను ఆ కుర్చీలో కూర్చుంది కిటికీ వైపు తిరిగి. ఇప్పుడు బీరువా వైపు తిరిగి కూర్చుంటున్నాడు. తిండి తగ్గింది. రాత్రి పక్కన పడుకుని కళ్లు తెరిచే ఉంటున్నాడు. నాకు భయం పట్టుకుంది. ఆ భయానికి పేరు పెట్టి అడిగితే నిజమవుతుందేమో అని అడగలేదు. గ్రంథాలయం పని మానేశాను. స్నానానికి వెళ్లినా తలుపు ఓరగా తెరిచి ఉంచేదాన్ని.

ఒకరోజు అతని కోటు జేబులు తడుముతుంటే చూశాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"రుమాలు."

"నేను కోటులో రుమాలు ఎప్పుడు పెట్టాను?"

నవంబరు చివర ఒక బుధవారం, "శనివారం సౌనా వెలిగిస్తాను" అన్నాను. ఐవీ పోయాక మేము ఆ ఆవిరి స్నానం గదిలో పొయ్యి వెలిగించలేదు. రేనో నన్ను కాసేపు చూసి, సరే అన్నాడు. శుక్రవారం పోస్టాఫీసుకని వెళ్లి గంటన్నరకు తిరిగొచ్చాడు. ఆ గంటన్నర నేను బీరువా పక్కనే నిలబడ్డాను.

శనివారం అతను బట్టలు కొక్కేనికి తగిలించి ఆవిరి గదిలోకి వెళ్లగానే తాళంచెవి తీశాను. అతను నేర్పినట్టే ఒక్కొక్క తుపాకీ తెరిచి లోపల వేలు పెట్టి చూశాను. పాత బొంతలో చుట్టి, మా అమ్మాయి చిన్నప్పటి, మంచు మీద లాగే స్లెడ్జి బండి మీద కట్టి ఎల్మా ఇంటికి లాక్కెళ్లాను. వాళ్లాయన వదిలిపోయిన పెద్ద ఇనుప బీరువా వాళ్లింట్లో ఉంది. నేను కొట్టకముందే ఎల్మా తలుపు తీసింది.

"కాళ్లు తుడుచుకో. కథలేమీ చెప్పకు, పిల్లా, నా మోకాళ్లు అంతసేపు నిలబడనివ్వవు."

"ఎల్మా, ఇవి..."

"ఏంటో కనబడుతూనే ఉంది. నాకు కళ్లు బాగానే ఉన్నాయి."

వాళ్ల బీరువా తలుపు అప్పటికే బార్లా తెరిచి ఉంది. ముసలితనం, మతిమరుపు అనుకున్నాను.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. ఆవిరి గదిలో ఇంకా కాలిన రాళ్ల మీద నీళ్లు చుర్రుమంటున్నాయి. తాళంచెవి జేబులో పెట్టేశాను. రేనో మామూలుగా ఇరవై నిమిషాలకు మించి ఉండడు. ఆ రోజు గంట దాటాక బయటికొచ్చాడు, ఒళ్లంతా బీట్‌రూటు రంగు.

"ఇంతసేపా?"

"రాళ్లు బాగా కాలాయి" అన్నాడు. గోడ పట్టుకుని కూర్చుని రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

ఖాళీ బీరువాకు నేను కాపలా కాయడం ఆ రోజు నుంచి మొదలైంది. తెరిస్తే ఏమంటాడు? తెరిచాడా? తెలిసీ ఊరుకున్నాడా? అతని చెయ్యి జేబు వైపు వెళ్లినప్పుడల్లా నా చేతిలో గిన్నె ఆగిపోయేది. అతను ఎల్మా దగ్గరికి వెళ్లి అడిగితే ఆమె ఇచ్చేస్తుందేమో అని ఇంకో భయం. ఒకే గదిలో ఇద్దరం ఉండి, ఒకరి జేబు ఒకరం చూసుకుంటూ డిసెంబరు గడిపాం.

జనవరిలో రేనో అట్టపెట్టె బల్ల మీదికి తెచ్చాడు. పంతొమ్మిదేళ్ల కాయితాలు. పైదాన్ని తీసి గోడ ఫోను అందుకున్నాడు. చెవుల కోసం ఫోను గొంతు పెద్దది చేసి ఉంటుంది కాబట్టి అవతలి మాటలూ నాకు వినిపించేవి.

"రేనో కంగాస్‌ని. మీ అబ్బాయి పాఠానికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడగడం మర్చిపోయాను. మీ ఇంట్లో తుపాకీకి తాళం ఉందా?"

"వాడికిప్పుడు ముప్పై ఏళ్లు, రేనో. గడ్డం కూడా ఉంది."

"గడ్డం సంగతి అడగలేదు. వాడికి పిల్లలా?"

"ఇద్దరు."

"మీ ఇంటికొస్తారా?"

"ఆదివారాలు." అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "రేపు కొంటాలే."

"ఇవాళ షాపు ఆరింటి దాకా తెరిచే ఉంటుంది."

అందరూ అలా మాట్లాడలేదు. "మా ఇంట్లో ఏముందో అడగడానికి నువ్వెవరివి? పోయి పెర్టు వాళ్లను అడుగు" అని ఒకామె ఫోను పెట్టేసింది. రేనో ఆ కాయితం అడుగున పెట్టి, వారం తర్వాత మళ్లీ చేశాడు. రోజుకు ఆరో ఏడో. అయిన కాయితాలు కుడివైపు, కానివి ఎడమవైపు.

జనం మంచి పని చేస్తున్నాడని అన్నారు. నాకు మాత్రం ఎడమవైపు కట్ట తరిగిపోవడమే కనిపించేది. ఆ కట్ట ఉన్నంతకాలం పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటాడు. అయిపోయాక? ఒకరోజు అతను కట్టెలకు బయటికి వెళ్లినప్పుడు కుడివైపు నుంచి పన్నెండు కాయితాలు తీసి ఎడమవైపు కింద దూర్చాను.

కొన్నాళ్లకు ఫోనులో ఎవరో నవ్వారు. "పోయిన వారమే అడిగావు కదయ్యా! తాళం చూపించడానికి ఫోటో కూడా పంపాను."

రేనో కాయితం చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. నేను బంగాళాదుంప తొక్క తీస్తూనే ఉన్నాను.

"మళ్లీ అడుగుతున్నా" అన్నాడు ఫోనులో.

ఫిబ్రవరిలో లైల్ వచ్చాడు. కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు, శిక్ష ఏంటో ఇంకా తేలలేదు. గుమ్మం దాటలేదు.

"లోపలికి రా" అన్నాడు రేనో.

"బూట్లు తడి."

"ఈ ఇంట్లో బూట్ల తడి గురించి మాట్లాడడం మానేశారు."

లైల్ అక్కడే నిలబడ్డాడు. "ఆ రోజు నన్ను లేచి నిలబడమన్నావు."

"అన్నాను."

"నిలబడ్డాక చెప్పడానికి నోరు రాలేదు. వేట మొదలయ్యేలోగా తాళం కొందామనే అనుకున్నా. నువ్వు అందరి ముందు మెచ్చుకున్నాక, పోయి తాళం కొంటుంటే షాపులో ఎవరైనా చూస్తారేమో అనిపించింది. అంతే, రేనో. ఎవరైనా చూస్తారేమో అని."

రేనో ఏదో అనబోయాడు. లైల్ ఆపాడు.

"జోరీ ఇప్పుడు ఏదడిగినా చెయ్యెత్తుతోంది. సూపు కావాలా అన్నా ఎత్తుతుంది. తలుపేశావా అన్నా ఎత్తుతుంది."

"ప్రశ్న నాది, లైల్. అది సరిగా అడిగి ఉంటే ఆ పిల్ల చెప్పేది."

"తుపాకీ నాది" అన్నాడు లైల్.

లైల్ వెళ్తూ వెళ్తూ అలవాటు కొద్దీ మా మెట్ల మీది మంచు కాలితో పక్కకు తోశాడు.

ఆ మర్నాడు రేనో ఫోను దగ్గర కూర్చోలేదు. స్టాంపులకని పోస్టాఫీసుకు వెళ్లాడు. రెండు గంటలు. నేను కోటు వేసుకుని రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. మంచులో నెమ్మదిగా నడిచి వస్తూ కనిపించాడు. చేతిలో స్టాంపులు లేవు, దాల్చినచెక్క రస్కుల పొట్లం ఉంది.

"స్టాంపులేవి?" అన్నాను.

"మర్చిపోయా."

"రస్కులు మర్చిపోలేదుగా." భయపడినదాన్ని అలా కసురుకున్నాను. అతను పొట్లం బల్ల మీద పెట్టి, ఫోను తీసి మొదటి నంబరు నొక్కాడు. ఆ రస్కులను నేను ముట్టలేదు. చూడ్డానికే రాయిలా ఉన్నాయి.

మార్చి రెండో వారంలో పోయాడు. ఎడమవైపు పదిహేడు కాయితాలు మిగిలాయి. ఆ ఫోన్లు తర్వాత నేనే చేశాను. ఐదుగురు ఫోను ఎత్తలేదు.

అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో కాఫీ పెట్టారు. లైల్, అతని భార్య చివరి బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ల పక్కన ఇంకెవరూ కూర్చోకపోతే ఎల్మా కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లి అక్కడే కూర్చుంది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"ఆ సామాను ఇంకా నా దగ్గరే ఉంది. ఏం చేయమంటావు?"

"అడగలేదు కదా ఎప్పుడూ, ఎల్మా? నీ దగ్గరికి రాలేదు కదా?"

"ఎవరు, రేనోనా?" ఎల్మా కప్పు కింద పెట్టింది. "నువ్వు తెచ్చావు చూడు శనివారం, దానికి ముందురోజే వచ్చాడు. 'రేపు సిల్వీ తెస్తుంది, తీసుకో. నేను వచ్చానని చెప్పకు. తర్వాత నేనే వచ్చి అడిగినా ఇవ్వకు' అన్నాడు. బీరువా తెరిచి పెట్టుకోమని కూడా చెప్పాడు. నువ్వు బరువుతో నిలబడాల్సి వస్తుందని."

చుట్టూ చెంచాలు చప్పుడవుతున్నాయి.

"మరి వచ్చాడా? అడగడానికి?"

"రెండుసార్లు. జనవరిలో ఒకసారి, లైల్ మీ ఇంటికొచ్చిన మర్నాడు ఒకసారి. 'ఇవ్వనుగా' అన్నాను. 'ఇవ్వకు' అన్నాడు. కాఫీ తాగాడు. రెండోసారి చాలాసేపు కూర్చున్నాడు, ఏం మాట్లాడలేదు. నేనే అల్లిక అల్లుకుంటూ ఉన్నా. వెళ్తుంటే ఇంట్లో చేసిన రస్కులు నీ కోసం పొట్లం కట్టించుకున్నాడు."